ఊపిరితో ఐదు నిమిషాలు

పజుండౌంగ్ వాగు ఒడ్డున ఒకప్పుడు వరుసగా బియ్యం మిల్లులుండేవి. వాటిలో బస్తాలు మోసిన కూలీలలో మన తెలుగువారు చాలామంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో మనవాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. ఆ కూలి డబ్బు ఇక్కడి నుంచి మన ఊళ్లకు వెళ్లింది. తర్వాత ఇదే రంగూను నుంచి మరొకటి కూడా వెళ్లింది: ధ్యానం.

స్వతంత్ర బర్మాలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఊ బా ఖిన్ ఆఫీసు లెక్కలు చూసుకుంటూనే తోటి ఉద్యోగులకు ధ్యానం నేర్పారు. 1952లో ఈ నగరంలోనే ధ్యాన కేంద్రం పెట్టారు. మాండలేలో పుట్టిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా, తలనొప్పి బాధ భరించలేక 1955లో ఆయన దగ్గర చేరి, 1969లో ఆ విద్యను భారతదేశానికి తీసుకెళ్లారు. హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త ఆ పరంపరలోదే.

ఈ పద్ధతిలో పిల్లలకు నేర్పేది ఆనాపానం. మంత్రం లేదు, రూపం లేదు. ప్రాణాయామంలా ఊపిరి బిగబట్టడమూ లేదు. ముక్కు దగ్గర గాలి వస్తోంది, పోతోంది. దాన్ని గమనించడమే పని.

2025 మార్చి 28న సగాయింగ్ ప్రాంతంలో వచ్చిన పెద్ద భూకంపానికి యాంగోన్ కూడా ఊగింది. అలాంటి అనుభవం తర్వాత పిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే, ధ్యానం నేర్పిస్తే పోతుందేమోనని ఏ తల్లికైనా అనిపిస్తుంది. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. బ్రిటన్ బడుల్లో 8,000 మందికి పైగా పిల్లలతో జరిపిన పరిశోధన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. తరగతిలో పాఠంగా ధ్యానం నేర్చుకున్నవారికి మిగతా పిల్లలకన్నా ఎక్కువ మేలేమీ కనబడలేదు. చాలామంది ఇంటిదగ్గర అసలు సాధన చేయనే లేదట! లెక్కల హోంవర్కులా అంటగడితే ఎవరు మాత్రం చేస్తారు? భయం వారాల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. ఊపిరి మందు కాదు.

ఈ విషయంలో మన బర్మా ఇరుగుపొరుగును చూడండి. వేసవి సెలవుల్లో మగపిల్లలకు షిన్‌బ్యూ చేసి, గుండు గీయించి, కొన్నాళ్లు విహారంలో ఉంచుతారు. వాళ్లు అక్కడా అల్లరి చేస్తారు. దాన్నెవరూ పెద్ద తప్పుగా చూడరు. మన ఇళ్లలోనేమో “అల్లరి చేశావుగా, వెళ్లి ధ్యానం చెయ్” అంటాం! దాంతో అది గోడకుర్చీకి చెల్లెలై కూర్చుంటుంది. అలా కాకుండా, సాయంత్రం కరెంటు పోయినప్పుడు టీవీ ఎలాగూ ఉండదు కనుక, మీరే చాప పరుచుకుని ఐదు నిమిషాలు కూర్చోండి. వస్తే పక్కన కూర్చోబెట్టుకోండి, రాకపోతే వదిలేయండి. ఎనిమిదేళ్లు నిండినవారికి ఇది బాగానే అందుతుంది.

పిల్లలూ, ఇక మీకో ఆట. కళ్లు మూసుకుని ముక్కు కింద వేలు అడ్డం పెట్టండి. లోపలికి వెళ్లే గాలి చల్లగా ఉందా? బయటికొచ్చేది వెచ్చగా ఉందా? వేలు తీసేసి మళ్లీ గమనించండి. కుడి ముక్కులోంచా, ఎడమ ముక్కులోంచా? మధ్యలో క్రికెట్టో, అమ్మమ్మ చేసిన సున్నుండలో గుర్తొస్తే ఫరవాలేదు, మళ్లీ ముక్కు దగ్గరికి వచ్చేయండి. మనసు ఎన్నిసార్లు పారిపోయిందో తర్వాత నాన్నగారికి చెప్పండి. ఆయనకు ఎన్నిసార్లు పోయిందో కూడా అడగండి.