చీట్లు వేసి తేల్చిన యెరువు సంగతి

సంఘమున చేరిన రైతుల పైరు బాగుగా నున్నదనుకొందము. అది సంఘమిచ్చిన యప్పు మహిమయా, లేక మొదటినుండియు జాగ్రత్తగల ఆసాములే సంఘమున చేరిరా? ఈ చిక్కును విడదీయు ఉపాయము పొలముననే పుట్టినది. క్రొత్త యెరువును మంచి మడికే వేసి మెచ్చుకొనరాదనియు, ఏ మడికి వేయవలయునో చీట్లే తేల్చవలయుననియు ఇంగ్లండునందలి రోథమ్‌స్టెడ్ క్షేత్రమున 1920 తరువాత ఫిషర్ పండితుడు బోధించెను.

పిమ్మట అర్థశాస్త్రజ్ఞులు మడులకు మారుగా మనుష్యులకే చీట్లు వేసిరి. అట్లు వేసినచో జాగ్రత్తపరులును సోమరులును ఇరువైపుల ఇంచుమించు సమముగా పడుదురు. పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న పండించు చిన్న రైతులు అనేకులు, ఎరువు వలన లాభమని యెఱిగియు కొనకుండిరి. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్, రాబిన్సన్ అను వారు అచ్చట పరీక్ష నడపి 2011లో ఫలితము ప్రకటించిరి. చీటిలో పేరు వచ్చిన కొందఱి యిండ్లకు కోత ముగిసిన వెంటనే మనుష్యులను పంపి, ‘ఇప్పుడే పూర్తి వెల చెల్లింపుడు, కావలసిన దినమున ఉచితముగా చేర్చెదము’ అనిపించిరి. వేఱు కొందఱికి ఎరువు వేయు అదనున సగము వెలకే యిచ్చెదమనిరి. తక్కినవారి నట్లే విడిచిరి.

మొదటివారిలో ఎరువు వాడినవారు ఊరక విడిచినవారికంటె చాల హెచ్చిరి. సగము వెల వారికి తీసిపోలేదు. బండి కూలి యెంత, సగము వెల యెంత! కోతనాడు చేత పైకముండును; రేపు కొందమనుచుండగనే అది కరగిపోవును. అదే ఉచిత రవాణాను ఆలస్యముగా, అదనువేళ చూపినప్పుడు ఇంత ఫలము కానరాలేదు.

2019లో డఫ్లో, క్రెమర్‌లకు అభిజిత్ బెనర్జీతో కూడ అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అంతమాత్రమున కెన్యా తీర్పు మన వరికి వర్తించునని చెప్పరాదు. మనవైపు దుకాణదారుడు ఎరువును అరువిచ్చి పంటపై వసూలు చేసికొనుట కలదు. ఒక్క చిన్న సంఘపు సభ్యులపై పరీక్షించిన తేలదు. మండలములోని సంఘములన్నియు కలసి చీట్లు వేసిన తేలవచ్చును.