టీచర్ ఉద్యోగం చేస్తూ మాస్టర్స్.. ఎంఈడీనా? ఎంఏనా? చేరేముందు ఇవి తెలుసుకోండి

బీఈడీ పట్టా చేతికొచ్చింది. ప్రైవేట్ స్కూల్లో ఉద్యోగం దొరికింది. లేదంటే డీఎస్సీ కొట్టి కొత్తగా బడిలో అడుగుపెట్టారు. ఇక ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ అనే మాట ఒక్కటే.. "ఉద్యోగం ఎలాగూ ఉందిగా, పనిలో పనిగా ఎంఈడీ కూడా కానిచ్చెయ్!" వినడానికి బాగానే ఉంటుంది. కానీ తప్పటడుగు పడేదీ ఇక్కడే. ఎందుకంటే టీచర్‌కు పనికొచ్చే మాస్టర్స్ ఒక్కటే లేదు. ఒక్కో డిగ్రీ ఒక్కో ఉద్యోగానికి దారి. అది చూసుకోకుండా చేరితే రెండేళ్ల టైమ్, కట్టిన ఫీజు రెండూ వృథా అవుతాయి.

ఏ పోస్టుకు ఏ డిగ్రీ?

స్కూల్ అసిస్టెంట్ పోస్టే మీ టార్గెట్ అయితే అసలు మాస్టర్సే అక్కర్లేదు. డిగ్రీ, బీఈడీ, టెట్ ఉంటే చాలు. డీఎస్సీలో రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఎంఈడీ ఉందని అదనంగా మార్కులేమీ కలపరు. అలాంటప్పుడు ఆ రెండేళ్లు డీఎస్సీ ప్రిపరేషన్‌కే పెట్టడం మేలు.

గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ కావాలంటే? అక్కడ అడిగేది సబ్జెక్టులో పీజీ, దాంతోపాటు బీఈడీ. మ్యాథ్స్ టీచర్ అయితే ఎమ్మెస్సీ మ్యాథ్స్, తెలుగు టీచర్ అయితే ఎంఏ తెలుగు. జూనియర్ లెక్చరర్‌కు కూడా సబ్జెక్టు పీజీయే కావాలి. ఈ పోస్టులకు ఎంఈడీ ప్రత్యామ్నాయం కాదు.

మరి ఎంఈడీ ఎవరికి? టీచర్లను తయారుచేసే కాలేజీల్లో, అంటే బీఈడీ కాలేజీలు, డైట్‌లలో పాఠాలు చెప్పాలనుకునేవారికి. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం బీఈడీ కాలేజీలో బోధన పద్ధతులు చెప్పాలంటే ఎంఈడీ ఒక్కటే సరిపోదు. సబ్జెక్టు పీజీ కూడా ఉండాలి. రెండింటిలోనూ కనీసం 55 శాతం మార్కులు రావాలి. ఎంఈడీ పూర్తిచేశాక ఈ సంగతి తెలిస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు!

ఉద్యోగం చేస్తూ రెగ్యులర్ ఎంఈడీ కుదురుతుందా?

సూటిగా చెప్పాలంటే కుదరదు. 2014 నిబంధనలతో వచ్చిన ఎంఈడీ రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సు. ఏడాదికి 200 పనిదినాలు, వారానికి 36 గంటలు క్లాసులు నడవాలి. హాజరు 80 శాతం ఉండాలి. ఫీల్డ్ వర్క్‌కైతే 90 శాతం. పొద్దున తొమ్మిదింటికి బడిలో ఉండే మనిషి అదే టైమ్‌కి కాలేజీలో ఎలా ఉంటారు?

"మీరు రానక్కర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే ఆశపడకండి. అదే రెండేళ్లకు స్కూల్ సర్వీస్ సర్టిఫికెట్, రెగ్యులర్ డిగ్రీ రెండూ పెడితే రేపు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కాలేజీవాళ్లు వచ్చి మాట్లాడరు.

రెగ్యులర్‌గానే చేయాలనుకుంటే ఉద్యోగానికి విరామం ఇవ్వాలి. ప్రభుత్వ టీచర్లయితే సెలవు, శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అడ్మిషన్లు తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ ద్వారా జరుగుతాయి. బీఈడీలో 50 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది.

ఇంకో విషయం. ఏడాది ఎంఈడీతో పాటు, పనిచేస్తున్న టీచర్ల కోసం పార్ట్‌టైమ్ ఎంఈడీని కూడా ఎన్‌సీటీఈ 2025 ముసాయిదాలో ప్రతిపాదించింది. పార్ట్‌టైమ్ అని ఏ కాలేజీ అయినా చెబితే, ఆ కోర్సుకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి.

ఉద్యోగం వదలకుండా ఉన్న దారి

దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్. ఇగ్నోలో ఏ డిగ్రీ చేసినవారైనా చేరొచ్చు. కనీసం రెండేళ్లలో, గరిష్ఠంగా నాలుగేళ్లలో పూర్తి చేయొచ్చు. జనవరి, జులైలో అడ్మిషన్లు. అయితే తెలుగు మీడియం ఉండదు, ఇంగ్లిష్ లేదా హిందీలోనే రాయాలి.

దీనివల్ల లాభమేంటి? 55 శాతం మార్కులతో పాసైతే ఎడ్యుకేషన్ సబ్జెక్టులో యూజీసీ నెట్ రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం చాలు. ఎంఏ ఎడ్యుకేషన్, బీఈడీ రెండూ 55 శాతంతో ఉంటే బీఈడీ కాలేజీలో ఎడ్యుకేషన్ పేపర్లు చెప్పడానికీ ఎన్‌సీటీఈ అర్హత ఇచ్చింది. కానీ గుర్తుంచుకోండి.. బీఈడీ లేకుండా ఎంఏ ఎడ్యుకేషన్ ఒక్కటే చేస్తే స్కూల్ టీచర్ అర్హత రాదు.

ఇగ్నో కాకుండా వేరే యూనివర్సిటీ అయితే ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చెక్ చేసుకోవాలి.

టైమ్ లెక్క ఇదీ..

ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపర్‌కు 120 గంటలు. రోజుకు గంట చొప్పున చదివితే ఒక్క పేపర్‌కే నాలుగు నెలలు! పరీక్షలు జూన్, డిసెంబర్‌లో ఉంటాయి. మన దగ్గర జూన్ అంటే బడులు తెరిచే సీజన్, అడ్మిషన్ల హడావిడి. కాబట్టి అసైన్‌మెంట్లు వేసవి సెలవుల్లోనే పూర్తి చేసుకోవడం మంచిది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అసలే కష్టం. లెసన్ ప్లాన్లు, పేపర్లు దిద్దడం, పిల్లల్ని అదుపులో పెట్టడం.. అన్నీ కొత్తే. ఆ ఏడాది క్లాస్‌రూమ్‌పై పట్టు సాధించి, రెండో ఏడాది కోర్సులో చేరితే తేలికవుతుంది. పైగా బాలల మనస్తత్వం, మూల్యాంకనం లాంటి పాఠాలు చదువుతుంటే మీ క్లాసులోని పిల్లలే కళ్లముందు కనిపిస్తారు. రాత్రి చదివింది పొద్దున క్లాసులో ప్రయత్నించి చూడొచ్చు. ఉద్యోగం చేస్తూ చదవడంలో ఉన్న అసలు లాభం ఇదే.

అందుకే ఫీజు కట్టే ముందు ఒక్క పని చేయండి. మీకు కావాల్సిన పోస్టు పాత నోటిఫికేషన్ తీసి, అర్హతల కాలమ్ చదవండి. అక్కడ ఏ డిగ్రీ రాసి ఉంటే అందులోనే చేరండి.