మీకు తెలుసా? ఒకే స్టేషన్, రెండు వోల్టేజీలు

సింగపూర్‌లోని లిటిల్ ఇండియా స్టేషన్‌లో కలిసే రెండు మెట్రో (ఎంఆర్‌టీ) లైన్లకు కరెంటు వచ్చే దారీ ఒకటి కాదు, వోల్టేజీ కూడా ఒకటి కాదు. నార్త్ ఈస్ట్ లైన్ రైళ్లు పైన ఉండే తీగ నుంచి 1,500 వోల్టులు తీసుకుంటాయి. డౌన్‌టౌన్ లైన్ రైళ్లకు పక్కనే ఉండే మూడో పట్టా నుంచి అందేది 750 వోల్టులే.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. ఒక రైలుకు 15 లక్షల వాట్లు కావాలనుకుందాం. 1,500 వోల్టుల దగ్గర 1,000 ఆంపియర్లు చాలు, 750 దగ్గర 2,000 కావాలి.

అసలు కిటుకు నష్టంలో ఉంది. దారిలో వేడిగా పోయే శక్తి, కరెంటు (ఆంపియర్ల) వర్గాన్ని నిరోధంతో గుణించినంత. రెండు చోట్లా నిరోధం 0.02 ఓమ్‌లే అనుకుంటే మొదటి లైన్‌లో పోయేది 20,000 వాట్లు, రెండో దానిలో ఏకంగా 80,000! అందుకే మూడో పట్టాను నిరోధం బాగా తక్కువగా ఉండేలా మందంగా చేస్తారు.

2003లో మొదలైన నార్త్ ఈస్ట్ లైన్ తప్ప, ఇప్పుడు నడుస్తున్న ఎంఆర్‌టీ లైన్లన్నీ 750 వోల్టులవే. శ్రీనివాస పెరుమాళ్ గుడికి దగ్గరి స్టేషన్ ఫారర్ పార్క్ కూడా ఆ 1,500 వోల్టుల లైన్ మీదే ఉంది.