కారు స్పష్టంగా, వెనక చెట్లు గీతలుగా... ఎలా?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనులో 30వ వంతులోనే దాదాపు 55 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. షటర్ అంతసేపు తెరిచి ఉంటే ఫొటోలో కారు అలికినట్టు పడాలి కదా! మరి కొన్ని ఫొటోల్లో కారు స్పష్టంగా ఉండి, వెనకున్న చెట్లే గీతల్లా సాగుతాయెందుకు?

కెమెరాను కారుతో పాటే తిప్పుతారు కాబట్టి. దీన్నే ప్యానింగ్ అంటారు. అప్పుడు సెన్సర్ మీద కారు బొమ్మ ఒకేచోట నిలుస్తుంది, కదలని చెట్టు బొమ్మే జారిపోతుంది. వేగాన్ని చూపడానికి ఇంతకంటే అందమైన పద్ధతి లేదనిపిస్తుంది నాకు.

కష్టమంతా ఒక్కచోటే. కెమెరా పక్కకు తిరగాలి, పైకీ కిందికీ ఊగకూడదు. మోచేతులు ఒంటికి ఆనించి, పాదాలు కదపకుండా నడుము మాత్రమే తిప్పాలి. బటన్ నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి, చేయి ఠక్కున ఆగితే బొమ్మ చెదురుతుంది. ట్రైపాడ్ ఉంటే పైకీ కిందికీ కదిలే మర బిగించి, పక్కకు తిరిగేది వదులుగా ఉంచాలి. నిలబడేది మాత్రం రోడ్డుకు దూరంగానే, పెద్దవాళ్లు తోడుండగానే!

అదే రాత్రిపూట వెళ్లే బండ్ల లైట్ల గీతలు కావాలంటే మాత్రం కెమెరా అసలు కదలకూడదు. ట్రైపాడ్ మరలన్నీ బిగించి 2 సెకన్ల టైమర్ పెడితే, వేలు నొక్కిన కుదుపు షటర్ తెరుచుకునేలోగా సద్దుమణుగుతుంది.