వ్యాధి – వ్యాపకం

'ఆరోగ్యమే మహాభాగ్యం' అన్నది లోకోక్తి. అయితే ఆ భాగ్యం అందరికీ జీవితాంతం నిలిచి ఉండదు. జలుబు, జ్వరం వంటివి వచ్చి కొద్ది దినాలలో తగ్గిపోతాయి. మధుమేహం, కీళ్ళవాతం, ఉబ్బసం, పార్కిన్సన్స్ వ్యాధి వంటివి అలా కాదు. ఔషధాలతో వాటిని అదుపులో ఉంచవచ్చునేగాని సమూలంగా తొలగించడం సాధారణంగా సాధ్యం కాదు. వీటినే దీర్ఘకాలిక వ్యాధులు అంటారు. ఇవి సోకినవారు సంవత్సరాల తరబడి వ్యాధితోనే సహజీవనం చేయవలసి ఉంటుంది.

దీర్ఘవ్యాధి శరీరాన్ని మాత్రమే బాధించదు. మనిషి దినచర్యను కూడ ఆక్రమిస్తుంది. మాత్రలు, రక్తపరీక్షలు, పథ్యాలు, ఆసుపత్రి ప్రయాణాలు – వీటితోనే కాలం గడిచిపోతుంది. ఉద్యోగం, ఇంటిపని తప్పనిసరి కనుక మిగిలిన కొద్దిపాటి శక్తి వాటికే ఖర్చవుతుంది. అందువల్ల మొదట దూరమయ్యేవి అభిరుచులే. వీణ మూలకు చేరుతుంది. కుట్టుపని పెట్టె అటకెక్కుతుంది. పెరటి మొక్కల పోషణ ఇతరుల పాలవుతుంది. చక్కగా పాడతారనో, అందమైన ముగ్గులు వేస్తారనో నలుగురిలో గుర్తింపు పొందిన వ్యక్తికి క్రమంగా 'రోగి' అన్న ఒక్క పేరే మిగులుతుంది. ఈ నష్టం ఏ వైద్యపరీక్షలోనూ కనిపించదు. కనుకనే దీనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

విడిచిన అభిరుచిని మళ్ళీ చేపట్టడం అంటే పూర్వస్థితికి చేరుకోవడం కాదు. పాత ఇష్టానికి కొత్త మార్గం వెదకుకోవడం. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్ (1869–1954) జీవితం ఇందుకు నిదర్శనం. యువకుడిగా ఆయన న్యాయవాది కార్యాలయంలో గుమాస్తా. అనారోగ్యంతో మంచం పట్టినపుడు కాలక్షేపం కోసం తల్లి ఇచ్చిన రంగులపెట్టె ఆయన జీవితాన్నే మార్చివేసింది. 1941లో ఉదరంలోని కేన్సరుకు పెద్ద శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆయనకు ఎక్కువసేపు నిలబడి బొమ్మలు వేయడం కష్టమైంది. అంతకుముందు చిత్రరచనకు సహాయంగా మాత్రమే వాడుకున్న కత్తెర అప్పుడు ప్రధాన సాధనమైంది. సహాయకులు కాగితాలకు రంగులు పూసి ఇచ్చేవారు. ఆయన మంచం మీదనో, చక్రాల కుర్చీలోనో కూర్చుండి వాటిని ఆకులుగా, పక్షులుగా, మనుష్యులుగా కత్తిరించేవారు. అవి ఆయన చెప్పిన చోట గోడపై అమరేవి. 1947లో వెలువడిన 'జాజ్' అనే ప్రసిద్ధ చిత్ర సంపుటి ఈ పద్ధతిలో పుట్టినదే.

మరొక ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ (1841–1919) నడివయస్సు నుండి తీవ్రమైన కీళ్ళవాతంతో బాధపడ్డారు. వేళ్ళు వంకరలు తిరిగి, కుంచెను ఇతరులు చేతిలో ఉంచవలసి వచ్చింది. పెద్ద చిత్రాలు వేసేటపుడు కాన్వాసును రూళ్ళపై చుట్టి, కావలసిన భాగం చేతికి అందేటట్లు తిప్పుకొనే ఏర్పాటు చేసుకున్నారు. వీరిరువురూ వృత్తి కళాకారులే. వారి ప్రతిభ అందరికీ ఉండదు. కాని పనిని విడువక, పనిచేసే విధానాన్ని మార్చుకోవడమన్న వారి పద్ధతి సామాన్యులకు కూడ అనుసరణీయమే.

మనిషికి ఇష్టమైన, అవసరమైన పనులను అతని శక్తికి తగినట్లు మలచి చేయించే వైద్యశాఖ ఒకటి ఉంది. దానిని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. 1950లో బొంబాయిలోని కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ఈ విద్యకు మనదేశంలో తొలి పాఠశాలను నెలకొల్పారు. ఈ శాఖ సూచించే మార్పులు చాలవరకు సులభమైనవే. మోకాళ్ళు వంగనివారు ముగ్గును నేలపై కాక బల్లపై వేయవచ్చు. పట్టు సడలిన చేతులకు కలం, కుంచె, గరిటెల పిడులకు గుడ్డ చుట్టి లావు చేస్తే చాలు. మొక్కల కుండీలను నడుమెత్తు అరుగుపై పెడితే వంగే పని ఉండదు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు తోటలోకి చెప్పులు లేకుండా వెళ్ళరాదు. ముల్లు గుచ్చుకున్నా వారికి తెలియకపోవచ్చు.

పనిముట్లతోపాటు కాలాన్ని కూడ మార్చుకోవాలి. నొప్పి తగ్గిన రోజున ఉత్సాహంతో పనులన్నీ ఒకేసారి చేయడం, తరువాత రెండు మూడు రోజులు లేవలేకపోవడం దీర్ఘరోగులకు అనుభవమే. 'మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి' అన్న సామెత ఇక్కడ వర్తిస్తుంది. పావుగంటతో ప్రారంభించి, అలసట రాకముందే ఆపడం మేలు. పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తులు మందు బాగా పనిచేసే వేళను ఇష్టమైన పనికి కేటాయించుకోవచ్చు. ఈ వ్యాధిలో అడుగు కదలక ఆగిపోయినపుడు సంగీతలయ తోడ్పడుతుంది. 2001లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్యబృందం ఈ వ్యాధిగ్రస్తుల కోసం నృత్య తరగతులు ప్రారంభించింది. అక్కడికి వచ్చేవారు రోగులుగా కాక నృత్యం నేర్చుకొనే విద్యార్థులుగా వస్తారు.

అభిరుచి ఔషధానికి ప్రత్యామ్నాయం కాదు. కొత్త శ్రమ మొదలుపెట్టే ముందు వైద్యుని సలహా తప్పనిసరి. ఎంత ప్రయత్నించినా కొన్ని పనులు తిరిగి రావు. అందుకు దుఃఖించడం సహజమే. వీణ వాయించలేని చేతులు కలవారు పిల్లలకు స్వరాలు దిద్దవచ్చు. తోటపని చేయలేనివారు ఏ విత్తు ఏ కార్తెలో నాటాలో చెప్పవచ్చు. చేయి ఆగినా విద్య ఆగదు.

ఈ ప్రయత్నానికి ఇంటివారి ప్రేమే ఒక్కొక్కసారి అడ్డు తగులుతుంది. "నీకెందుకమ్మా ఈ శ్రమ, మేమున్నాం కదా" అని చేతిలోని పనిని లాగివేస్తారు. వారి ఉద్దేశం మంచిదే. కాని దానివల్ల రోగికి మిగిలేది విశ్రాంతి కాదు, శూన్యం. సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం సహాయం; సూదినే లాగుకోవడం సహాయం కాదు. ఇంట్లో నాయనమ్మకో, తాతయ్యకో దీర్ఘవ్యాధి ఉన్న విద్యార్థులు గమనించవలసినది ఇదే. "మందు వేసుకున్నారా?" అని అడగడం అవసరమే. "ఈ ముగ్గుకు చుక్కలెన్ని పెట్టాలి నాయనమ్మా?" అని అడగడం కూడ అంతే అవసరం. మొదటి ప్రశ్న వ్యాధిని పలకరిస్తుంది. రెండవది మనిషిని పలకరిస్తుంది.