తిరిగి కట్టిన పడవ ఇంజను: తొలి పది గంటలు

2020 అక్టోబరు మాసమున హైదరాబాదు నగరమున కురిసిన కుండపోత వానలకు షేక్‌పేట పొరుగున నున్న టోలీచౌకిలో నదీం కాలనీ జలమయమైనది. ఇండ్లలో చిక్కిన వారిని పడవల మీద తరలింపవలసి వచ్చినది. సముద్రమునకు కొన్ని వందల కిలోమీటర్ల దూరమున, కొండరాళ్ల నడుమ వెలసిన ఈ నగరమునకు పడవలతో పనియేమి యనువారికి నాడు సమాధానము దొరకినది.

వరద రక్షణకు వాడు రబ్బరు పడవలకును, ఉప్పాడ, భీమిలి తీరములలో వేటకు పోవు ఫైబరు పడవలకును వెనుక చెక్కకు తగిలించు ఇంజను ఒక్క తీరుదే. దీనినే ఔట్‌బోర్డు ఇంజను అందురు. నార్వే దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో దీనిని అమ్మకమునకు తెచ్చి ప్రచారము కలిగించెను. ఇంజను, పంకా, చుక్కాని మూడును ఒకే మొలకు అమరి యుండుట దీని సదుపాయము. విప్పి భుజముమీద మోసికొని పోవచ్చును; చెడినచో మెకానిక్కు ఇంటికే కొనిపోవచ్చును.

జాలరి ఇంజను నిత్యము పనిచేయును. వరద పడవ ఇంజను నెలల తరబడి గోదాములో నిద్రించి, ఒక రాత్రి హఠాత్తుగా మేల్కొని, పడవ నిండ జనముతో పూర్తి వేగమున పోవలసి యుండును. అట్టి ఇంజనును బాగుచేయించి, అలవాటు చేయక, మరమ్మతు పూర్తియైనదని కాగితము మీద వ్రాసి అటకమీద పెట్టుట మా దృష్టిలో సగము పని మాత్రమే.

ఏల యనగా, ఇంజను బోరుకు వచ్చినప్పుడు మెకానిక్కు సిలిండరును తొలిచి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్దదైన పిస్టనును, దానికి తగిన కొత్త రింగులను వేయును. తొలిచిన గోడను సానరాళ్లతో రుద్ది, చాప అల్లిక వలె ఒకదాని నొకటి ఖండించు సన్నని గీతలు పడునట్లు చేయును. ఈ గీతలు కంటికి కనబడవలెనే గాని వ్రేలికి తగులరాదు. వాని పల్లములలో నూనె నిలుచును. మిట్టలు రింగుల రాపిడికి కొంచెము కొంచెముగ అరిగి, రింగును గోడయు ఒకదాని కొకటి సరిపడును. ఈ సరిపాటును ఏ మెకానిక్కును చేతితో చేయజాలడు. ఇంజనే తన్ను తాను చేసికొనవలెను.

ఈ అరుగుదల జరుగుచున్నంత కాలము రాపిడి హెచ్చు, వేడియు హెచ్చు. పిస్టను అల్యూమినియముతో చేసినది. సిలిండరు లోపలి గొట్టము సాధారణముగ పోత ఇనుముది. వేడికి అల్యూమినియము ఇనుముకంటె దాదాపు రెట్టింపు వ్యాకోచించును. పిస్టను ఉబ్బి గోడను కరచుకొన్నచో ఇంజను సీజగును. నడిసంద్రమున ఇట్లు జరిగినచో తెరచాప లేని పడవకు గాలియే దిక్కు.

అట్లని బహు మెల్లగా నడుపుటయు క్షేమము కాదు. ఈ సంగతి పలువురికి తెలియదు. రింగును గోడకు అదుమునది దాని బిగువు మాత్రమే కాదు. మండిన వాయువు రింగు వెనుకకు చేరి దానిని బయటికి నెట్టును. బరువు లేక గంటల తరబడి మెల్లగా తిరుగు ఇంజనులో ఆ ఒత్తిడి చాలదు. గీతలు అరుగక, నూనె కాలి గోడకు గాజు పూసినట్లు నునుపు పట్టును. పిమ్మట ఎంత తిప్పినను రింగు కుదురుకొనదు. కంప్రెషను తక్కువ, పొగ ఎక్కువ. మరల విప్పవలసినదే. నీటితొట్టిలో రోజంతయు తిప్పి ‘అలవాటైనది’ అని చెప్పు మెకానిక్కు మాట నమ్మదగినది కాదు. తొట్టి ఇంజను ముట్టినదో లేదో చూచుటకు మాత్రమే పనికివచ్చును.

రెండు స్ట్రోకుల ఇంజనులకు తయారీదారులు సాధారణముగ పది గంటల గడువు చెప్పుదురు. తొలి పది నిమిషములు కనిష్ఠ వేగము. తరువాతి ఏబది నిమిషములు సగము థ్రాటిలుకు మించరాదు. ఆ సగము లోపలను వేగమును మార్చుచుండవలెను. రెండవ గంటలో ముప్పాతిక వరకు పోవచ్చును. మిగిలిన ఎనిమిది గంటలును ఏ వేగమైనను నడుపవచ్చును గాని, పూర్తి థ్రాటిలు ఒక్కసారికి ఐదు నిమిషములకు మించరాదు. ఏ ఇంజనుకైనను దాని పుస్తకమే ప్రమాణము. ఫిల్మ్‌నగరు చిత్రములలో కథానాయకుడు తుప్పు పట్టిన ఇంజనును ఒక్క రాత్రిలో బిగించి, ఒక్క తాడు లాగుతో అలలమీద దూసికొని పోవును. చూచి చప్పట్లు కొట్టవచ్చును.

ఈ కాలమున నూనె పాళ్లు హెచ్చింపవలెను. అలవాటైన పిదప 50 లీటర్ల పెట్రోలునకు ఒక లీటరు నూనె కలుపు ఇంజనుకు, తొలి పది గంటలలో 25 లీటర్లకు ఒక లీటరు, అనగా లీటరునకు 40 మిల్లీలీటర్లు కలుపుట వాడుక. పెట్రోలుతో మొదలిడి కిరసనాయిలు మీద నడచు ఇంజనులలో కిరసనాయిలునందును నూనె ఉండవలెనని మరువరాదు. ఆపునపుడు మరల పెట్రోలుకు మార్చి ఆపినచో మరునాడు తాడు లాగుట సులభము.

నీటి సంగతి అన్నిటికంటె ముఖ్యము. ఇంజను ప్రక్కనుండి సన్నని ధారగా వచ్చు నీరు చల్లదనము చేరుచున్నదనుటకు గుర్తు. ఆ ధార తెగినచో తక్షణమే ఆపవలెను. ఇంజనుకు బోరు చేయించి, నీటిపంపులోని పాత రబ్బరు చక్రమునే మరల బిగించుట పదిరూకలకు ఆశపడి నూరు పోగొట్టుకొనుట.

ఇక మన జాలరుల చిక్కు. ఆంధ్ర తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మోటారు పడవల వేట నిషిద్ధము. 2015కు పూర్వము 47 దినములుగ నుండిన ఈ నిషేధము ఆ యేట 61 దినములైనది. ఇంజనులు విప్పుట కిదే అదను. కాని మెకానిక్కు కొట్టులో వరుస పెద్దది. పలువురి ఇంజను జూన్ రెండవ వారమునకు గాని చేతికి రాదు. నిషేధము తొలగిన మొదటి దినములలో చేప మెండుగా పడునను ఆశ. రెండు నెలలు రాబడి లేని ఇంటివారితో పది గంటలు ఓర్చుకొనుడని చెప్పుట మాకును సులభము కాదు.

దీనికితోడు మరొక కష్టము. ఇసుక తీరమునుండి పడవ దించువారు కెరటములు విరుగు తావును దాటవలెను. అచ్చట పూర్తి బలము ఈయనిచో పడవ తలక్రిందులగును. తొలి పది నిమిషములు మెల్లగా నడుపుమను నియమము అక్కడ చెల్లదు, చెల్లరాదు. కావున తొలి రెండు గంటలు సముద్రమున కాక ఏటి ముఖమునందో, ఉప్పుటేటియందో, రేవు లోపలి నిలుకడ నీటియందో గడపవలెను. మత్స్యశాఖవారికి ముందుగా తెలిపి, వల లేకుండ నడిపినచో అనుమానమునకు తావుండదు. ఇంజనును మే నెలలోనే విప్పించినవానికి ఈ రెండు గంటలు దొరకును. రెండు గంటలు గడచినచో మిగిలిన ఎనిమిదియు దగ్గరి వేటలోనే, మంచుగడ్డయు వలయు తక్కువగా వేసికొని, తీర్చుకొనవచ్చును.

వరద పడవల వారికి అట్టి తొందర లేదు. వానకాలమునకు ముందు ఏదైన చెరువులో, మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేసి, రెండు మూడు దినములలో పది గంటలును నింపవచ్చును. ఏ దినమున ఎన్ని నిమిషములు, ఏ వేగమున నడచినదో ఒక పలకమీదనైనను వ్రాసి ఇంజనుకు కట్టవలెను.

పది గంటలు నిండిన పిదప ప్లగ్గును విప్పి చూడవలెను. కొన లేత గోధుమరంగున నున్నచో మేలు. తెల్లనై పొక్కినచో వేడి హెచ్చినది. హెడ్డు బోల్టుల బిగింపును పుస్తకము చెప్పిన కొలతకు మరల సరిచూడవలెను. క్రింది గేరు నూనెను మార్చవలెను. అది పాలవలె తెల్లబడినచో నీరు చొచ్చినదని గ్రహించి సీలు మార్పింపవలెను. పిమ్మట ట్యాంకులో మిగిలిన చిక్కని మిశ్రమమును వాడివేసి, మామూలు పాళ్లకు దిగవచ్చును.