దారు అంటే యజమాని కాదు

గజపతినగరం వైపు పల్లెల్లో కౌలు కార్డు మాటెత్తితే ఒక భయం బయటికొస్తుంది: సాగుదారు కాగితం మీద భూయజమాని సంతకం పెడితే పొలం కౌలురైతుదైపోతుందని. జమీందారు మాట తరతరాలుగా విన్న చెవులకు ‘దారు’ అనగానే యజమాని వినిపించడం సహజమే.

అపోహ: జమీందారంటే భూమికి యజమాని.

వాస్తవం: పారశీకంలో ‘జమీన్’ అంటే నేల, ‘దార్’ అంటే చేతిలో ఉంచుకున్నవాడు. మొగలాయీల కాలంలో జమీందారుకు ముఖ్యంగా ఉన్నది శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే హక్కు. దున్నేవాడి హక్కు దున్నేవాడికి వేరే ఉండేది. 1802లో ఈస్టిండియా కంపెనీ శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి జమీందారునే భూస్వామిగా గుర్తించింది. విజయనగరం సంస్థానమూ దాని కిందికే వచ్చింది. రైతు తన పొలంలోనే పరాయివాడయ్యే దుస్థితి అక్కడ బలపడింది. 1948 చట్టం జమీందారీలను రద్దు చేసింది గానీ, ఆ అర్థాన్ని జనం నోళ్లలోంచి తీసెయ్యలేకపోయింది.

‘దారు’ లాంటి పారశీకపు మాటలు నైజాం నుంచి వచ్చినవని, ఉత్తరాంధ్రకు పరాయివని అనేవారూ ఉన్నారు. అది సరికాదు. కుతుబ్‌షాహీల నాడే శ్రీకాకుళం ఫౌజుదారు ఉండే పట్నం. 1765లో షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీ పాలయ్యాక కూడా ఫసలీ, కిస్తీ, జమాబందీ లాంటి శిస్తు లెక్కల మాటలు అలాగే నిలిచాయి. ఆ మాటల్లోనే మన తాతలు శిస్తు కట్టారు.

అపోహ: ‘దారు’ సంస్కృతపు ‘ధారి’కి వికృతి, అందుకే ‘లబ్ధిధారుడు’ అని ఒత్తు పెట్టాలి.

వాస్తవం: వేషధారిలోని ధారి, ఈ దారు ఒకే ప్రాచీన మూలం నుంచి విడిపోయిన దాయాదులు. ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టలేదు. ఒత్తు అక్కర్లేదు. సచివాలయం గోడ మీద జాబితాలో కనిపించే ‘లబ్ధిదారుడు’ని విడదీసి చూడండి: లబ్ధి సంస్కృతం, దారు పారశీకం, చివరి ‘డు’ తెలుగు. ఇంత చక్కగా అతికిన మాటను పరాయిదనడానికి నాకు మనసొప్పదు.

సాగుదారూ అలా అతికినదే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చిన పత్రం గడువు పదకొండు నెలలు. పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగడానికి అది పనికొస్తుంది. భూమి మీద హక్కు మాత్రం పాసుపుస్తకంలో పేరున్న పట్టాదారుదే. కౌలురైతుకు పత్రం రావాలంటే భూయజమాని సంతకం కావాలని కూడా ఆ చట్టమే పెట్టింది. యజమాని వెనకాడితే, పంట మునిగిన ఏడాది పరిహారానికి చూపించడానికి కౌలురైతు చేతిలో ఆ పత్రం ఉండదు.